వాకిట్లో బండి, ఏటిలో నీళ్ళు



ఆదివారం పొద్దున ఎనిమిది గంటలప్పుడు వేలూరులోగానీ గుడియాత్తంలోగానీ ఏదో ఒక వీధిలోకి నడిచి వెళ్ళండి. ముగ్గు తొక్కకుండా కాస్త పక్కగా సెంటరు స్టాండు వేసి నిలబెట్టిన మోటారు సైకిలు, దాని దగ్గర ఒక బకెట్టు, లుంగీ పైకి ఎగగట్టుకుని గొంతుక్కూర్చున్న ఒక మనిషి తప్పకుండా కనబడతారు. చక్రం కమ్మీలు ఒక్కొక్కటే తుడుస్తూ లోకాన్ని మరిచిపోయి ఉంటాడాయన. ఇంతలో ఇంట్లోంచి కేక వినబడుతుంది: “ఒరే నాయనా, ఉన్న నీళ్ళన్నీ బండికే పోస్తే పొయ్యి మీదకి ఏం పెట్టేదిరా?”

ఆ కేక వినడానికి చిన్నదే. కానీ దాని వెనక ఈ సరిహద్దు సీమకంతటికీ సంబంధించిన చరిత్ర ఒకటి ఉంది. మనం బండిని ఎలా కడుగుతున్నామో చూస్తే, మన ఏటికి ఏమయిందో తెలుస్తుంది. ఈనాటి ప్రసంగంలో ఆ సంగతే మీతో ముచ్చటించాలని నా ఉద్దేశం.

వాహనాన్ని కడిగి, బొట్టుపెట్టి, పూలు చుట్టడం మోటారు సైకిలుతో మొదలైన అలవాటు కాదు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అక్కడి మహర్నవమి ఉత్సవాన్ని వివరంగా రాశాడు. అలంకరించిన గుర్రాలనూ ఏనుగులనూ బారులు తీర్చి నిలబెడితే, రాయలవారు స్వయంగా వచ్చి వాటి మీద పూలు చల్లేవారట. ఆ విజయనగరాన్ని చివరి దశలో ఏలిన ఆరవీటి రాజులు పెనుగొండ నుంచీ, చంద్రగిరి నుంచీ, ఆ తరువాత వేలూరు నుంచీ పాలించారు. మన పెద్దలు ఈ ఊరిని ‘రాయవేలూరు’ అనడం అందుకే. నేడు ఆయుధపూజ నాడు వేలూరులో బండి కడిగి, హ్యాండిలుకు చందనం కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించే కుర్రవాడికి ఈ చరిత్ర తెలియకపోవచ్చు. కానీ అతను చేస్తున్నది ఆ పాత మర్యాదే. పల్లెల్లో అయితే కనుమ పండుగనాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసే వేడుక ఎటూ ఉంది. మనకు అన్నం పెట్టేదాన్ని, మనల్ని మోసేదాన్ని మన చేత్తో శుభ్రం చేసుకోవడం మన సంప్రదాయం. గుర్రం పోయింది, ఎద్దుల బండి తగ్గింది, ఆ చోటుకు మోటారు సైకిలు వచ్చింది.

అది ఎలా వచ్చిందో చూద్దాం. పటంలో వేలూరు మద్రాసు, బెంగళూరు నగరాలను కలిపే పెద్ద రోడ్డు మీద ఉంటుంది. మన ఇళ్ళకు బండ్లు ఆ రోడ్డుకు రెండు కొసల నుంచీ వచ్చాయి. తూర్పు కొసన మద్రాసులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరులో బుల్లెట్ బండి తయారైంది. పడమటి వైపు మైసూరులో ఐడియల్ జావా వారు 1961లో జావా బండి తయారీ మొదలుపెట్టారు. అదే తరువాత ఎజ్డీ అయింది. 1980లో హోసూరు నుంచి టి.వి.ఎస్. 50 వచ్చాక పాల వ్యాపారి, మగ్గం నేసే మనిషి, చిన్న గుమాస్తా కూడా ఇంజను బండికి యజమాని కాగలిగారు. 1984లో అదే హోసూరు నుంచి ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా, యమహా ఆర్.ఎక్స్. 100 వచ్చాయి. అక్కడి నుంచి ప్రతి వీధిలోనూ ఆదివారం ఉదయం బండి కడిగే ముచ్చట మామూలైపోయింది.

ఏ బండికి తగిన శుభ్రం ఆ బండికి ఉండేది. జావా, ఎజ్డీ బండ్లకు చైను పూర్తిగా రేకు డబ్బాలో మూసి ఉండేది కనుక దుమ్ము చేరదు. బుల్లెట్‌కు ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు రంగు గీతలుండేవి. గీతకు గీరు పడుతుందని దాని యజమాని పసిబిడ్డ చెంప తుడిచినట్టు తుడిచేవాడు. టూ-స్ట్రోకు బండ్లలో పెట్రోలుతో పాటు ఆయిలు కూడా కాలుతుంది. అందువల్ల సైలెన్సరు కొసన నల్లటి జిడ్డు పేరుకుని, సబ్బుకు లొంగేది కాదు. దానికి కిరసనాయిలే మందు. రేషను కార్డు మీద వచ్చిన కిరసనాయిలు పొయ్యికెంత, బండికెంత అని ఇంట్లో చిన్న పంచాయతీలు నడిచిన రోజులవి.

మరి తుడిచే గుడ్డ? దానికి మన ప్రాంతం వాళ్ళు ఎక్కడికీ పోనక్కరలేదు. గుడియాత్తం అంటే అగ్గిపెట్టెలు, లుంగీలు. నేత లుంగీ కొత్తలో గరుకుగా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఉతికి, ఆరేసి, కట్టి కట్టి మెత్తబడిన తరువాత దాన్ని నాలుగు ముక్కలు చేస్తే బండి తుడవడానికి అంతకు మించిన గుడ్డ లేదు. నూలు గుడ్డ నీటిని పీల్చుకుంటుంది, రంగును గీరదు. అంతకు ముందు అంట్ల గిన్నెలకు అలవాటైన చేతులతో కొందరు బూడిద, కొబ్బరిపీచు పట్టి బండిని తోమేవారు. గిన్నె తళతళలాడేది గానీ బండి రంగు చారలు చారలుగా పోయేది. ఆ తరువాత బట్టలుతికే పొడులు ఇల్లిల్లూ చేరాయి. వాటి నురుగు చూసి మురిసిపోయాం. బట్టల మురికి వదిలించే ఆ కారం బండి రంగు మీది మెరుపును కూడా మెల్లమెల్లగా వదిలిస్తుందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు నీళ్ళ సంగతికి వస్తాను.

వేలూరును గురించి ఒక పాత మాట ఉంది. రాజు లేని కోట, దేవుడు లేని గుడి, నీళ్ళు లేని ఏరు అని. కోట సంగతి సరే. కోటలోని జలకంఠేశ్వరుని గుడిలో శతాబ్దాల తరబడి మూలమూర్తి లేకపోయినా, 1981లో మళ్ళీ ప్రతిష్ఠ జరిగి పూజలు మొదలయ్యాయి. ఇక మిగిలింది ఏరు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పాలారు, మన కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడులో ప్రవేశించి వాణియంబాడి, ఆంబూరు, వేలూరు మీదుగా సముద్రానికి పోతుంది. గుడియాత్తం మధ్యగా పోయే కౌండిన్య నది పలమనేరు వైపు నుంచి దిగివచ్చి ఆ పాలారులోనే కలుస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా వేరుపడే దాకా ఈ సీమంతా ఒక్క ఉత్తర ఆర్కాటు జిల్లాయే. గీత నేల మీద గీశారు. నీళ్ళు ఆ గీతను ఎరుగవు.

పాలారులో ఏడాది పొడుగునా పైకి నీళ్ళు పారడం ఏనాడూ లేదు. కానీ ఏటి గర్భమంతా లోతైన ఇసుక. వాన నీళ్ళు ఆ ఇసుకలో దాగి ఉండేవి. మూరెడు లోతున చెలమ తవ్వితే తేటనీళ్ళు ఊరేవి. ఊటకాలువలు తీసి పొలాలకు పారించుకునేవారు. ఎద్దులను, బండ్లను కడగడానికి ఏటికో చెరువుకో తోలుకుపోవడం అప్పటి అలవాటు. మోటారు సైకిళ్ళు కొత్తగా వచ్చిన రోజుల్లో వాటినీ అలాగే నీటి దగ్గరికి తీసుకుపోయేవారు. ఇంజను కింది జిడ్డు నీటి మీద ఏడు రంగుల్లో తేలుతుంటే పిల్లలు వింతగా చూసేవారు. అది ఆయిలు అని, కింది ఊరివాడు తవ్వే చెలమలోకి అదీ చేరుతుందని అప్పట్లో ఎవరికి తోచింది?

ఆ జిడ్డు కంటే ఎన్నో రెట్లు పెద్ద ఆపద మరోవైపు నుంచి వచ్చింది. వాణియంబాడి, ఆంబూరు, పేర్ణాంబట్టు, రాణీపేట ప్రాంతాల తోళ్ళ పరిశ్రమ దేశానికి విదేశీ ద్రవ్యం, వేలాది కుటుంబాలకు కూడు సంపాదించి పెట్టింది. దానితో పాటు తోళ్ళు ఊనిన మురుగు నీరు ఏటిలోకి, పొలాల్లోకి చేరింది. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక 1991లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 ఆగస్టు 28న జస్టిస్ కుల్‌దీప్ సింగ్ నాయకత్వంలోని ధర్మాసనం తీర్పు చెప్పింది. ఒక కిలో తోలు సిద్ధం కావడానికి 35 లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయని, ఈ ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగు భూమి పూర్తిగానో కొంతగానో పనికిరాకుండా పోయిందని ఆ తీర్పులో ఉంది. పాడు చేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని మన దేశంలో గట్టిగా నిలబెట్టిన తీర్పు అది. న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఈనాటికీ ‘వేలూరు కేసు’ అని దాన్ని చదువుకుంటాడు. ఊరికి అది గర్వమా, దుఃఖమా అంటే చెప్పడం కష్టం. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే పాలారు కాలుష్యం మీద మరోసారి తీర్పు ఇచ్చి, నష్టపోయినవారికి పరిహారం, నదికి మరమ్మతు అని మళ్ళీ చెప్పవలసి వచ్చిందంటే, పని ఇంకా పూర్తికాలేదనే అర్థం.

ఏరు ఇలా కాగా, బండి ఏటి గట్టు నుంచి వాకిట్లోకి వచ్చింది. బోరు వేసి, మోటారు పెట్టి, ప్లాస్టిక్ గొట్టం తగిలించి కడగడం అలవాటైంది. పెట్రోలు బంకుల పక్కన ‘వాటర్ సర్వీసు’ బోర్డులు వెలిశాయి. గొట్టంలో నీళ్ళు ఎంత పోతాయో కంటికి తెలియదు. ఒక లెక్క వేసి చూడండి. నిమిషానికి 10 లీటర్లు వచ్చే గొట్టాన్ని 20 నిమిషాలు వదిలేస్తే 200 లీటర్లు. కుళాయి నీళ్ళు రోజూ రాని వీధిలో, రంగు రంగుల బిందెలు వరుసలో పెట్టుకుని ఎదురుచూసే వీధిలో, అది ఒక ఇంటికి ఒక రోజు గడిచే నీళ్ళు. ఇంట్లోంచి వినబడే ఆ కేకకు కారణం ఇదే.

2019 జూలై 12న ఈ ప్రాంతం మరో వింత చూసింది. చెన్నై దాహం తీర్చడానికి జోలార్‌పేట నుంచి నీళ్ళ రైలు బయలుదేరింది. 50 వ్యాగన్లు, ఒక్కొక్కదానిలో 50,000 లీటర్లు, మొత్తం 25 లక్షల లీటర్లు. జోలార్‌పేట అప్పటికి వేలూరు జిల్లాలోనే ఉంది. ఆ ఏడాది చివరికి తిరుపత్తూరు జిల్లాలో చేరింది. ఆ నీళ్ళు పాలారువి కావు. ఎక్కడో మేట్టూరు నుంచి గొట్టాల్లో వచ్చిన కావేరి నీళ్ళు. ఏటి ఒడ్డున ఉన్న మనకు మరో ఏటి నీళ్ళు రావడం, అవి మళ్ళీ రైలెక్కి వెళ్ళడం చూశాక, బకెట్టు నీళ్ళకు విలువ ఎంతో వేరే చెప్పాలా?

మరి రెండేళ్ళకే ఏరు తన రెండో ముఖం చూపింది. 2021 నవంబరులో పాలారు, కౌండిన్య రెండూ పొంగాయి. మోర్దానా ఆనకట్ట నిండి నీళ్ళు గుడియాత్తంలో గట్టు పక్కన ఉన్న ఇళ్ళలోకి వచ్చాయి. అలాంటి వరదలో మునిగిన బండిని కడిగేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. నీళ్ళలో మునిగిన బండిని ఆత్రపడి స్టార్టు చేయకూడదు. ఇంజను లోపలికి నీరు వెళ్ళి ఉంటే ఒక్క కిక్కుతో లోపలి భాగాలు వంగిపోవచ్చు. పాత ఆయిలు పూర్తిగా దించి, ప్లగ్గు విప్పి, గాలి వడపోసే ఫిల్టరును ఆరబెట్టి, మెకానికుకు చూపించాకే కదిలించాలి.

నీళ్ళు ఎక్కువైతే బండికి మేలు కాదన్న సంగతి నాకు చిన్నప్పుడే తెలిసివచ్చింది. మా అన్నగారి బండిని మెప్పు కోసం ఒకనాడు నేను కడిగాను. అప్పుడే ఊరి నుంచి వచ్చిన బండి, ఇంజను పొగలు కక్కుతూ ఉంది. దాని మీద బిందెల కొద్దీ నీళ్ళు గుమ్మరించాను. బండి మెరిసింది గానీ స్టార్టు కాలేదు. మెకానికు దాకా తోసుకుపోయాను. ఆయన కరెంటు అందే చోట మూత విప్పి, పొడిగుడ్డతో తుడిచి, “బండికి స్నానం చేయించవచ్చు అబ్బాయీ, మునకలు వేయించకూడదు” అన్నాడు. బండి కడగడం గురించి నేను విన్న మాటలన్నిటిలో అదే గొప్ప మాట.

ఆ మాట పట్టుకుని, రెండు బకెట్లతో బండిని ఎలా శుభ్రం చేసుకోవచ్చో చెబుతాను. బండిని నీడలో నిలిపి, ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. తాళం రంధ్రానికీ సైలెన్సరు కొసకూ ప్లాస్టిక్ సంచి కట్టండి. ఒక బకెట్టులో మంచినీళ్ళు, మరొకదానిలో తలకు రాసుకునే షాంపూ ఒక చెంచాడు కలిపిన నీళ్ళు. ముందుగా తడిగుడ్డతో మట్టిని నానబెట్టండి. పొడి దుమ్మును అలాగే రుద్దితే ఇసుక రేణువులే రంగును గీరేస్తాయి. పైనుంచి కిందికి, ట్యాంకు నుంచి చక్రాలకు రండి. చక్రాలకు వాడిన గుడ్డను మళ్ళీ ట్యాంకుకు వాడవద్దు. ఆఖరున మంచినీళ్ళ గుడ్డతో తుడిచి, పొడి లుంగీ ముక్కతో తేమ ఆర్చండి. రెండు బకెట్లూ కలిపి 30 లీటర్లు దాటవు. ఈ కాలపు బండ్లలో పెట్రోలు పంపే ఏర్పాటు దగ్గర నుంచి బ్రేకుల దాకా కరెంటు తీగలూ సెన్సారులూ ఉన్నాయి కనుక, గట్టి ఒత్తిడితో నీళ్ళు కొట్టడం కంటే గుడ్డతో తుడవడమే వాటికి క్షేమం.

చైను విషయంలో మాత్రం నా మాట గట్టిగా వినండి. ఇంజను నడుపుతూ, గేరులో వేసి, తిరిగే చైనుకు గుడ్డ పట్టడం కొందరు కుర్రవాళ్ళ అలవాటు. గుడ్డతో పాటు వేలు పళ్ళచక్రంలోకి పోవడానికి క్షణం చాలు. ఇంజను ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకుని, వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ పాత పళ్ళ బ్రష్షుతో కిరసనాయిలు రుద్దండి. కింద పాత పళ్ళెం పెట్టండి. ఆరాక చైనుకు కొద్దిగా ఆయిలు రాయండి. బ్రేకు దగ్గరికి ఆయిలు చుక్క కూడా పోనివ్వకండి. కడిగిన వెంటనే రోడ్డు ఎక్కకుండా వీధిలోనే నెమ్మదిగా నడుపుతూ రెండు మూడు సార్లు బ్రేకు పట్టి చూసుకోండి. తడిసిన బ్రేకు వెంటనే పట్టదు.

పళ్ళెంలో చేరిన జిడ్డును, ఇంజను నుంచి దించిన పాత ఆయిలును ఏం చేస్తారు? కాలువలో పోయకండి, చెట్టు మొదట్లో పోయకండి. సీసాలో పట్టి మెకానికు షాపులో ఇవ్వండి. పాత ఆయిలు కొనేవాళ్ళు అక్కడికి వస్తారు. మన వాకిట్లో ఇంకిన జిడ్డు మన బోరు వైపే దారి వెతుక్కుంటుంది.

ఇంతా విని, “ఏటిని పాడుచేసింది పరిశ్రమలైతే, నా బకెట్టు లెక్క ఎందుకు?” అని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. పెద్ద తప్పును చిన్నవాడి నెత్తిన రుద్దడం నా ఉద్దేశం కాదు. ఆ తప్పుకు సమాధానం చెప్పవలసినవాళ్ళు వేరే ఉన్నారు, కోర్టు వాళ్ళకే చెప్పింది. అయితే ఆ కోర్టు గుమ్మం ఎక్కింది వేలూరు పౌరులే. నీళ్ళ విలువ ఎరిగినవాళ్ళు కనుకనే అంత దూరం వెళ్ళారు. తన వాకిట్లో నీటికి లెక్క చూసుకునేవాడే ఏటి నీటికి లెక్క అడగగలడు.

వచ్చే ఆయుధపూజకు మీ బండిని తప్పక కడగండి. చందనం పెట్టండి, పూలు చుట్టండి, పక్కింటి పిల్లలకు బొరుగులూ బెల్లమూ పంచండి. నీళ్ళు మాత్రం రెండు బకెట్లే. అప్పుడు ఇంట్లోంచి కేక వినబడదు. వినబడినా, అది “కాఫీ చల్లారిపోతోంది, లోపలికి రారా” అనే కేకే అవుతుంది.